వంటింట్లో ఒక సోషల్ పాఠం: రొయ్యల క్రియోల్



"వంటింట్లో నీకేం పని, వెళ్లి చదువుకో" అని పిల్లలతో మనం ఎన్నోసార్లు అంటాం. ఈ నెల ఒక్క ఆదివారం ఆ మాట పక్కన పెట్టండి. చరిత్ర, సైన్స్, లెక్కలు ఒకే గిన్నెలో కనిపించే వంటకం ఒకటుంది. అదే అమెరికాలోని న్యూ ఓర్లీన్స్ నగరపు రొయ్యల క్రియోల్.

ముందు కథ చెప్పండి

న్యూ ఓర్లీన్స్‌ను 1718లో ఫ్రెంచివారు స్థాపించారు. తర్వాత స్పెయిన్ పాలించింది. 1803లో అమెరికా కొనుక్కుంది. ఆ గడ్డమీదే పుట్టి పెరిగినవారిని క్రియోల్‌లు అన్నారు. వారి వంటలోనూ అందరి చేతులూ ఉన్నాయి. టమాటా, మిరప, క్యాప్సికం అమెరికా ఖండాల పంటలు. రొయ్యలు పక్కనున్న మెక్సికో సింధుశాఖవి. వరి సాగు తెలిసిన ఆఫ్రికన్లను బానిసలుగా ఓడల్లో తెచ్చి పొలాల్లో పని చేయించారు. ఎన్నో ఇళ్లలో పొయ్యి దగ్గర నిలబడిందీ వాళ్లే. వంటకాలు మిగిలాయి, వండిన వాళ్లలో చాలామంది పేర్లు మిగల్లేదు. ఈ ముక్క పిల్లలకు దాచకుండా చెప్పండి.

కావలసినవి (నలుగురికి)

రొయ్యలు అర కిలో, ఉల్లిపాయలు 2, క్యాప్సికం 1, సెలెరీ కాడలు 2, టమాటాలు 4, వెల్లుల్లి రెబ్బలు 4, వెన్న లేదా నూనె 2 చెంచాలు, బిర్యానీ ఆకు 1, కారం, మిరియాల పొడి, ఉప్పు. ఉల్లి, క్యాప్సికం, సెలెరీ ఈ మూడూ అక్కడి వంటకు పునాది. సెలెరీ దొరక్కపోతే కొత్తిమీర కాడలు వేయండి. రుచి కొంచెం మారుతుంది.

చేసే విధానం

1. రొయ్యలు ఒలిచి, వీపున ఉన్న నల్ల నరం తీసేయండి. అది నిజానికి నరం కాదు, రొయ్య పేగు.
2. పెంకులను రెండు గ్లాసుల నీళ్లలో 20 నిమిషాలు మరిగించి వడకట్టండి.
3. వెన్నలో ఉల్లి, క్యాప్సికం, సెలెరీ మెత్తబడేదాకా వేయించి, వెల్లుల్లి కలపండి.
4. టమాటా ముక్కలు, ఆకు, కారం, మిరియాల పొడి, ఉప్పు, వడకట్టిన నీళ్లు పోసి సన్నని సెగమీద చిక్కబడనివ్వండి.
5. చివర్లో రొయ్యలు వేసి మూడు నాలుగు నిమిషాలు ఉడికించండి. ఎక్కువ ఉడికితే రబ్బరులా సాగుతాయి. వేడి అన్నంతో వడ్డించండి.

కూరగాయలు కడగడం, కొలవడం చిన్నపిల్లలకు ఇవ్వండి. కత్తి, పొయ్యి దగ్గర మీరుండండి.

పిల్లలను అడగండి

• ఆరుగురు తినాలంటే రొయ్యలు ఎన్ని గ్రాములు కావాలి?
• బూడిదరంగు రొయ్య ఉడికితే ఎందుకు ఎర్రబడింది? (ఎర్రరంగు ముందు నుంచే ఉంటుంది. దాన్ని పట్టి ఉంచిన ప్రోటీన్ వేడికి విడిపోతుంది.)
• మన భీమవరం చెరువుల్లో పెంచే వెనామీ రొయ్య సొంత ఊరు ఏది? (అమెరికా ఖండాల పసిఫిక్ తీరం. ఇక్కడ పెరిగి తిరిగి అమెరికాకే ఎగుమతవుతోంది!)

ఒక జాగ్రత్త

రొయ్యలు పడని పిల్లలకు ఇది పెట్టవద్దు. తిన్నాక పెదవులు వాచినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. లంచ్ బాక్స్‌లో పంపితే, పక్కవారికి పంచవద్దని చెప్పండి. పక్క పిల్లవాడికి పడుతుందో లేదో మన పిల్లలకు తెలియదు.

భోజనం దగ్గర చివరి ప్రశ్న ఒకటి అడగండి: "మన ఇంట్లో నీకిష్టమైన కూర అమ్మమ్మకో నానమ్మకో ఎవరు నేర్పారు?" జవాబు తెలియకపోతే అప్పుడే ఫోన్ చేయించండి. ఆ పేరు పిల్లల చేత నోట్‌బుక్‌లో రాయించండి. మన ఇంటి వంట వెనకున్న పేరైనా పోకుండా ఉంటుంది.