తీగె గులాబీ: నిలువుగా కడితే పూయదు

చిక్కుడు తీగె పందిరి రాటకు చుట్టుకొని పైకి పోతుంది. కాకర, బీర నులితీగెలతో ఆధారాన్ని పట్టుకుంటాయి. గులాబీకి ఈ రెండు విద్యలూ లేవు. మనం తీగె గులాబీ అని పిలిచేది నిజానికి పొడవైన కొమ్మలు గల పొద. వంకర ముళ్ళతో పక్క చెట్లకు తగులుకొని ఆనుకోగలదు, అంతే. కంచె మీద పాకించాలంటే మనమే కట్టాలి.

ఎలా కట్టాలన్నదే అసలు ప్రశ్న. చాలామంది కొమ్మలను నిట్టనిలువుగా కట్టి, మూడేళ్ళ తరువాత పైకొసన నాలుగు పూలు మాత్రమే చూసి, జాతి మంచిది కాదని మొక్కను పీకివేస్తారు. దోషం మొక్కది కాదు. కొమ్మ కొనలోని చిగురు ఆక్సిన్ అనే హార్మోనును తయారుచేసి కిందికి పంపుతుంది. దాని ప్రభావం వల్ల దిగువ కణుపులలోని మొగ్గలు నిద్రాణంగా ఉండిపోతాయి. దీనినే వృక్షశాస్త్రంలో అగ్రాధిక్యత అంటారు. కొమ్మను నేలకు ఇంచుమించు సమాంతరంగా వంచి కడితే ఈ ఆధిక్యం సడలుతుంది. అప్పుడు కణుపు కణుపునా చిన్న రెమ్మలు లేచి పూలనిస్తాయి.

అమెరికాలో ఉన్నవారు మొదటిసారి పెంచడానికి 'న్యూ డాన్' చక్కని రకం. దీని మాతృక 1910 నాటి 'డాక్టర్ డబ్ల్యు. వాన్ ఫ్లీట్'. అది ఏడాదికి ఒక్కమారే పూసేది. న్యూజెర్సీలోని ఒక నర్సరీలో ఉత్పరివర్తనం వల్ల దాని నుండి వేసవి పొడవునా పూసే మొక్క ఏర్పడింది. హెన్రీ బోసెన్‌బర్గ్ పేర 1931 ఆగస్టు 18న అమెరికాలో మొట్టమొదటి మొక్కల పేటెంటు లభించినది దీనికే. ఇటువంటి గుణం గింజల ద్వారా యథాతథంగా రాదు. కొమ్మ నాటి గాని, అంటు కట్టి గాని పెంచాలి.

గోడ మొదట్లో నేల పొడిగా ఉంటుంది కనుక అడుగున్నర దూరంగా నాటండి. రోజుకు ఆరు గంటల ఎండ కావాలి. నీరు ఆకుల మీద కాక మొదట్లోనే పోస్తే నల్లమచ్చ తెగులు తగ్గుతుంది. కట్టడానికి పాత నూలుచీర పేలికలను మించినవి లేవు. తీగలు కొమ్మను కోసివేస్తాయి.

కత్తిరింపులో ఒక భేదం తప్పక గుర్తించాలి. న్యూ డాన్‌ను చలికాలం చివర కత్తిరించవచ్చు. ఏడాదికొకసారి పూసే పాత రకాలు మాత్రం గత సంవత్సరపు కొమ్మల మీదనే పూస్తాయి. వాటిని శీతాకాలంలో కత్తిరిస్తే రాబోయే పూలన్నీ పోయినట్లే. పూత ముగిసిన వెంటనే కత్తిరించాలి. ముదిరిన కొమ్మను బలవంతంగా వంచితే విరుగుతుంది. ఏటా బాగా ముదిరినదానిని ఒకదానిని మొదలంటా తీసివేసి, ఆ చోటికి లేత కొమ్మను వంచి కట్టండి.