శ్రీహరికోట, పులికాట్: ద్వీపసీమ భౌగోళికము, వనరులు

2022 ఏప్రిల్ 4న అవతరించిన తిరుపతి జిల్లా తూర్పుటంచున, బంగాళాఖాతమునకును పులికాట్ సరస్సునకును నడుమ కదురువలె సాగియున్న అవరోధ ద్వీపమే శ్రీహరికోట. తిరుచానూరు చెంత ప్రవహించు స్వర్ణముఖి సముద్రమును చేరునదియు ఈ జిల్లాలోనే.

పులికాట్: చిలికా తరువాత దేశమందలి రెండవ పెద్ద ఉప్పునీటి సరస్సు, ఆంధ్రప్రదేశ్, తమిళనాడులకు ఉమ్మడిది, అధికభాగము మనది. ఇందు కలియు నదులు ఆరణి, కాళంగి (తఱచు అడుగుదురు).

జీవనాధారము: ఇరకం, వేనాడు దీవులవారికి చేపలు, రొయ్యలు, పీతలు. ముఖద్వారములు ఇసుకచే పూడి, సముద్రజలము లోనికి రాక, సరస్సు లోతు తగ్గినపుడు మత్స్యసంపద క్షీణించును. వ్యాసరూప ప్రశ్నకు ఇంతకు మించిన అంశము ఈ సీమలో లేదు. శ్రీహరికోట అడవులలో పూర్వము తేనె, మూలికలు, వంటచెఱకు సేకరించి బ్రదికినవారు యానాదులు.

రోదసి కేంద్రము: భూమధ్యరేఖకు సామీప్యమును, భూభ్రమణవేగము తోడ్పడు తూర్పుదిశను, రాలిన రాకెట్టు భాగములు పడుటకు నిర్జన సముద్రమును గలిగియుండుటచే 1969లో ఈ స్థలము ఎంపిక యయ్యెను. తొలి ప్రయోగము 1971 అక్టోబరు 9, రోహిణి సౌండింగ్ రాకెట్టు. ఎస్ఎల్‌వి-3 విఫలము 1979 ఆగస్టు 10, సఫలము 1980 జులై 18. ఈ రెంటిని తాఱుమాఱు చేసి అడుగుట ప్రశ్నకర్తలకు పరిపాటి. సతీశ్ ధవన్ నామకరణము 2002. చంద్రయాన్-3: 2023 జులై 14. నూఱవ ప్రయోగము: 2025 జనవరి 29, జీఎస్ఎల్‌వి-ఎఫ్15.

పక్షులు: నేలపట్టు గూడబాతులకు, పులికాట్ ఫ్లెమింగోలకు ప్రసిద్ధము.