వడ్డీ మాట తూచి చెప్పవలెను

ధాన్యమును తూచి యమ్ముకొను మనము మాటను తూచక పలుకుచున్నాము. అప్పు విషయమున దీనివలన కలుగు నష్టము మిక్కుటము.

గ్రామములలో "రెండు రూపాయల వడ్డీ" యనిన నెలకు నూటికి 2 రూపాయలని యర్థము. అనగా సంవత్సరమునకు నూటికి 24. సహకార సంఘమున వడ్డీరేటు సంవత్సరమునకు చెప్పబడును. ఉదాహరణకు సంఘ కార్యాలయమున "నూటికి ఏడు" అని మాత్రమే చెప్పినచో, ఏడు రెంటికంటె హెచ్చని తలచి రైతు వడ్డీ వ్యాపారికడకు మరలిపోవచ్చును. 10,000 రూపాయల యప్పునకు ఏడాదికి సంఘమునకు 700, వ్యాపారికి 2,400 రూపాయల వడ్డీ యగును. "సంవత్సరమునకు" అను నొక్క మాట లోపించినందున రైతునకు 1,700 రూపాయలు నష్టము!

కొలతలును ఇట్టివే. ఎకరమునకు 100 సెంట్లు, గుంటలైనచో 40. పది గుంటలనిన 25 సెంట్లు. "పది" యని యూరకున్నచో వినువారికి ఏమి తెలియును?

కావున అంకెతోపాటు కాలమును, కొలతను చెప్పుదము. "పంట రాగానే కట్టెదను" అనుటకు మారుగా తేదీని చెప్పుదము. సందేహము కలిగినచో "నెలకా, ఏడాదికా?" యని సంకోచింపక యడుగవలెనని సభ్యులను కోరుచున్నాము. అడుగుట అవమానము కాదు; అడుగక వ్రేలిముద్ర వేయుటయే ముప్పు.