లెల్లా తోలిన బండి



ఎడ్ల పందాలు మనకు తెలుసు. పండగ రోజుల్లో, జాతరల్లో చూస్తాం. ఏ జత ముందు వస్తే ఆ జతకు బహుమతి. కార్లకు కూడా అట్లాంటి పందెమే ఉంది. దాన్ని కారు రేసు అంటారు.

రేసు కారు మామూలు కారులా ఉండదు. దానికి పైకప్పు ఉండదు. ఒక్క మనిషికే చోటు. చక్రాలు బయటికి కనిపిస్తూ ఉంటాయి. నడిపే మనిషి అందులో కాళ్ళు చాపుకుని, సగం పడుకున్నట్టు కూర్చోవాలి. 2023 ఫిబ్రవరి 11న మన హైదరాబాదులో కూడా ఇట్లాంటి రేసు జరిగింది. హుస్సేన్ సాగర్ పక్క రోడ్ల మీద కరెంటుతో నడిచే కార్లు పరుగెత్తాయి.

ఈ పాఠంలో ఒక రేసు డ్రైవరు సంగతి చదువుదాం. ఆమె పేరు లెల్లా లొంబార్డి. ఆమెది ఇటలీ దేశం.

మాంసం కొట్టు అమ్మాయి

లెల్లా 1941 మార్చి 26న పుట్టింది. వాళ్ళది ఫ్రుగరోలో అనే చిన్న ఊరు. నాన్నకు మాంసం కొట్టు ఉండేది. వాళ్ళు కలిగినవాళ్ళు కారు. కష్టం చేస్తేనే ఇల్లు గడిచేది.

లెల్లా బండి నడపడం నేర్చుకుంది. కొట్టు నుంచి మాంసం వ్యానులో వేసుకుని తెచ్చి ఇచ్చేది. ఎక్కడ మలుపు ఉంది, ఎక్కడ గుంత ఉంది, బ్రేకు ఎంత ముందు వేయాలి, సరుకు బరువుగా ఉంటే బండి ఎట్లా లాగుతుంది - ఇవన్నీ ఆ వ్యాను మీదే ఆమె చేతికి అలవాటు అయ్యాయి.

చూడండి. అది ఇంటి పని. దానికి ఎవరూ బహుమతి ఇవ్వలేదు. కానీ ఆ పనిలోనే ఒక విద్య ఉంది. మనం రోజూ చేసే పనుల్లో కూడా ఇట్లాంటి విద్య ఉంటుంది. నాటు వేసే చేతికి ఎంత ఎడం ఉండాలో తెలుసు. పిండి పట్టుకుంటే నీళ్ళు ఎన్ని కావాలో తెలుసు. మనమే దాన్ని విద్య అనుకోం.

లెల్లాకు రేసు డ్రైవరు కావాలని ఆశ పుట్టింది. చిన్న రేసుల్లో మొదలుపెట్టింది. ఏళ్ళ తరబడి చిన్న కార్లతోనే పోటీ పడింది. 1970లో ఇటలీలో చిన్న కార్ల పోటీలో ఏడాది మొత్తానికి విజేతగా నిలిచింది. అప్పటికి ఆమెకు 29 ఏళ్ళు.

రేసు నేర్చుకోవడం అంటే

రేసు డ్రైవరు పని అంటే కూర్చుని స్టీరింగు తిప్పడమే కదా అని కొందరు అనుకుంటారు. అది నిజం కాదు.

మలుపు తిరిగేటప్పుడు బస్సులో మనం పక్కకు ఒరిగిపోతాం కదా! రేసు కారులో ఆ లాగుడు ఎన్నో రెట్లు ఎక్కువ. తల మీద హెల్మెట్ బరువు ఉంటుంది. మెడ గట్టిగా లేకపోతే తల నిలవదు. అందుకని డ్రైవరు కావాలనుకునేవాళ్ళు రోజూ మెడకు, భుజాలకు, చేతులకు కసరత్తు చేస్తారు. పరుగెత్తుతారు.

ఒంటి మీద నిప్పు అంటుకోని బట్ట వేసుకోవాలి. ఇంజను వేడి, ఎండ వేడి కలిసి ఒళ్ళు చెమటతో తడిసిపోతుంది. అంత వేడిలో కూడా కన్ను చెదరకూడదు. గంటకు 250 కిలోమీటర్ల వేగంలో ఒక్క క్షణం పరధ్యానం కూడా ప్రమాదమే.

జెండాల భాష కూడా నేర్చుకోవాలి. రేసు జరిగేటప్పుడు దారి పక్కన మనుషులు జెండాలు ఊపుతారు.

పసుపు జెండా: ముందు ప్రమాదం ఉంది. నెమ్మదిగా వెళ్ళు. ఎవరినీ దాటకు.

ఎర్ర జెండా: రేసు ఆపేశారు.

నీలం జెండా: వెనుక నుంచి వేగంగా బండి వస్తోంది. దారి ఇవ్వు.

నలుపు తెలుపు గళ్ళ జెండా: రేసు అయిపోయింది.

ఇంకో కష్టం డబ్బు. కారు కావాలి. టైర్లు కావాలి. మెకానిక్కులు కావాలి. ఇవన్నీ ఖర్చుతో కూడిన పని. ఏదైనా కంపెనీ డబ్బు పెడితేనే డ్రైవరు పెద్ద రేసుకు వెళ్ళగలదు. లెల్లా కారు మీద ఒక కాఫీ పొడి కంపెనీ పేరు రాసి ఉండేది. ఆ కంపెనీ ఆమెకు డబ్బు సాయం చేసింది.

బార్సిలోనా రేసు

కార్ల రేసుల్లో అన్నిటికన్నా పెద్దది ఫార్ములా వన్. 1974లో లెల్లా ఇంగ్లండులో దానికి ప్రయత్నం చేసింది. అర్హత దొరకలేదు. ఆమె ఇంటికి వెళ్ళి కూర్చోలేదు. 1975లో మళ్ళీ వచ్చింది. ఈసారి చోటు దొరికింది.

1975 ఏప్రిల్ 27. స్పెయిన్ దేశం, బార్సిలోనా పట్నం. కొండ మీద ఉన్న పార్కు రోడ్లలో రేసు పెట్టారు. ఒక చుట్టు దాదాపు 3.8 కిలోమీటర్లు. మొత్తం 75 చుట్లు తిరగాలి.

రేసుకు ముందే డ్రైవర్లు దారి చూశారు. దారి పక్కన ఇనుప అడ్డాలు ఉన్నాయి. కారు అదుపు తప్పితే జనం మీదికి పోకుండా ఆపేవి అవే. వాటి బోల్టులు సరిగ్గా బిగించలేదు. డ్రైవర్లు మేం నడపం అన్నారు. మెకానిక్కులే పానాలు పట్టుకుని బోల్టులు బిగించారు. ఒకపక్క రేసు జరగాల్సిందే అని ఒత్తిడి. ముందటి ఏడాది విజేత అయిన ఎమర్సన్ ఫిట్టిపాల్డీ ఇది క్షేమం కాదని చెప్పి తప్పుకున్నాడు.

రేసు మొదలైంది. అందరికన్నా ముందు వెళ్తున్న కారుకు వెనుక రెక్క విరిగింది. కారు ఎగిరి అడ్డం దాటి పడింది. డ్రైవరు గాయాలతో బతికాడు. కానీ పక్కన ఉన్నవాళ్ళు కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 29 చుట్ల దగ్గర రేసు ఆపేశారు.

అప్పటికి లెల్లా ఆరో స్థానంలో ఉంది. ఆరో స్థానానికి 1 పాయింటు ఇవ్వాలి. రేసు సగం కూడా జరగలేదు కాబట్టి అందరికీ సగం పాయింట్లే ఇచ్చారు. లెల్లాకు అర పాయింటు వచ్చింది.

అర పాయింటే కదా అనిపిస్తుంది. కానీ ఫార్ములా వన్‌లో పాయింటు సంపాదించిన ఆడమనిషి ఈనాటికీ ఆమె ఒక్కతే. ఆమెకు ముందు ఇటలీకే చెందిన మరియా తెరేసా దె ఫిలిప్పిస్ 1958లో ఈ రేసుల్లో నడిపింది. 1976 తరువాత ఏ ఆడమనిషీ ఫార్ములా వన్ ప్రపంచ పోటీల్లో రేసు మొదలుపెట్టలేదు.

ఆ రోజు సంగతిలో మనకు ఇంకో పాఠం ఉంది. పని చేసేవాళ్ళు ఇక్కడ ప్రమాదం ఉంది అని చెబితే వినాలి. బోల్టు చిన్నదే. అది వదులైతే ప్రాణాలు పోతాయి. మన ఊళ్ళో తెగి వేలాడే కరెంటు తీగ కూడా అట్లాంటిదే. మూత లేని బావి కూడా అట్లాంటిదే.

ఆమె మాట నమ్మలేదు

లెల్లా గురించి రేసుల లోకంలో ఒక సంగతి చెప్పుకుంటారు. తన కారు మలుపుల్లో సరిగ్గా తిరగడం లేదని ఆమె చాలాసార్లు చెప్పింది. జట్టువాళ్ళు పట్టించుకోలేదు. ఆడమనిషికి బలం చాలదు, అందుకే అట్లా అంటోంది అనుకున్నారు. తరువాత అదే కారు రోనీ పీటర్సన్ అనే పేరున్న డ్రైవరు చేతికి వచ్చింది. అతను కూడా అదే మాట అన్నాడు. అప్పుడు కారు విప్పి చూశారు. వెనుక భాగంలో పగులు ఉంది!

లోపం కారులో ఉంది. మనిషిలో కాదు. కానీ ఆమె చెప్పినప్పుడు ఎవరూ విప్పి చూడలేదు.

ఇది ఇటలీలో, ఇంగ్లండులో మాత్రమే జరిగేదా? మనకు నడుం నొప్పి అంటే పని ఎగ్గొట్టడానికి అంటారు. తూకంలో తేడా ఉంది అంటే నీకేం తెలుసు అంటారు. అదే మాట మగవాళ్ళు అంటే తక్కెడ సరి చూస్తారు. ఇట్లాంటప్పుడు మాట మింగకూడదు. నలుగురు కలిసి చెప్పాలి. ఇప్పుడు మనకు రాయడం కూడా వచ్చింది. కాగితం మీద రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి ఇవ్వాలి. నోటి మాటను కాదనవచ్చు. రాసిన మాటను అంత తేలిగ్గా కాదనలేరు.

తరువాత సంగతి

ఫార్ములా వన్ వదిలినా లెల్లా బండి వదల్లేదు. ఇద్దరు డ్రైవర్లు వంతులవారీగా నడిపే పొడుగు రేసులు ఉంటాయి. 1979లో ఇటలీలో అట్లాంటి 6 గంటల రేసులు గెలిచింది. 1989లో సొంతంగా ఒక రేసు జట్టు పెట్టింది.

కానీ ఆమెకు రొమ్ము క్యాన్సరు వచ్చింది. 1992 మార్చి 3న చనిపోయింది. అప్పటికి ఇంకా 51 ఏళ్ళు నిండలేదు.

అక్కా! ఈ జబ్బు ఎవరికైనా రావచ్చు. రొమ్ములో గానీ, చంకలో గానీ గడ్డ తగిలితే, రొమ్ము చర్మం సొట్టపడితే, చనుమొన నుంచి నెత్తురు వస్తే సిగ్గుపడి దాచుకోవద్దు. నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు. చాలాసార్లు మొదట్లో నొప్పి ఉండదు. వెంటనే ఏ.ఎన్.ఎం.కు గానీ, ఆశా కార్యకర్తకు గానీ చెప్పి ఆసుపత్రికి వెళ్ళాలి. గడ్డలన్నీ క్యాన్సరు కాదు. అవునో కాదో డాక్టరే చెప్పాలి. ముందుగా తెలిస్తే నయం చేయవచ్చు.

మనమూ బండి నడపవచ్చు

మనమందరం రేసు డ్రైవర్లం కానక్కరలేదు. కానీ స్కూటరు, ఆటో, ట్రాక్టరు నడపడం వస్తే మన పని మన చేతిలో ఉంటుంది. కూరగాయలు సంతకు మనమే తీసుకుపోవచ్చు. రాత్రి పిల్లవాడికి జ్వరం వస్తే ఎవరి కోసమో ఎదురు చూడనక్కరలేదు.

గేర్లున్న బండికి లైసెన్సు కావాలంటే 18 ఏళ్ళు నిండాలి. ముందు ఎల్.ఎల్.ఆర్. తీసుకోవాలి. అంటే నేర్చుకోవడానికి ఇచ్చే అనుమతి కాగితం. దాని కోసం రోడ్డు గుర్తుల మీద ప్రశ్నలు అడుగుతారు. ఆ కాగితం 6 నెలలు పనిచేస్తుంది. 30 రోజులు దాటాక బండి నడిపి చూపించాలి. సరిగ్గా నడిపితే అసలు లైసెన్సు ఇస్తారు.

ఇంకో ముఖ్యమైన మాట. ఆటో, లారీ వంటి కిరాయి బండ్లు నడపాలంటే ముందు 8వ తరగతి చదివి ఉండాలనే నిబంధన ఉండేది. 2019లో ప్రభుత్వం దాన్ని తీసేసింది. బడికి వెళ్ళలేదు కాబట్టి నీకు రాదు అని ఎవరైనా అంటే, ఈ సంగతి చెప్పండి.

రేసు వేగం రేసు దారిలోనే. ఊరి రోడ్డు మీద పిల్లలుంటారు, మేకలుంటాయి. పెద్ద పెద్ద రేసు డ్రైవర్లు కూడా హెల్మెట్ లేనిదే కారు ఎక్కరు. స్కూటరు నడిపేవాళ్ళూ, వెనుక కూర్చునేవాళ్ళూ ఇద్దరూ హెల్మెట్ పెట్టుకోవాలి.

కొత్త మాటలు

అర్హత - పోటీలో చేరడానికి కావలసిన యోగ్యత

పరధ్యానం - మనసు వేరే చోట ఉండటం

కసరత్తు - ఒంటికి బలం ఇచ్చే వ్యాయామం

పానా - బోల్టులు బిగించే పనిముట్టు

నిబంధన - అందరూ పాటించవలసిన కట్టుబాటు

జవాబులు రాయండి

1. లెల్లా వాళ్ళ నాన్న ఏం పని చేసేవాడు?

2. పసుపు జెండా ఊపితే డ్రైవరు ఏం చేయాలి?

3. లెల్లాకు అర పాయింటే ఎందుకు ఇచ్చారు?

4. కారు విప్పి చూస్తే ఏం కనిపించింది?

లెక్క చేయండి

బార్సిలోనా రేసు మొత్తం 75 చుట్లు. 29 చుట్ల దగ్గర ఆపేశారు. ఇంకా ఎన్ని చుట్లు మిగిలాయి?

కలిసి మాట్లాడుకోండి

1. మీరు చెప్పిన మాట నిజమే అయినా ఎవరూ నమ్మని సందర్భం ఉందా? అప్పుడు ఏం చేశారు? ఇప్పుడైతే ఏం చేస్తారు?

2. మన ఊళ్ళో ఎంతమంది ఆడవాళ్ళకు బండి నడపడం వచ్చు? మిగిలినవాళ్ళు నేర్చుకోవడానికి అడ్డం ఏమిటి? భయమా, డబ్బా, ఇంట్లోవాళ్ళ మాటా?

3. మన ఊళ్ళో ప్రమాదంగా ఉన్న చోట్లు ఏవి? అందరూ కలిసి ఒక జాబితా రాయండి. పంచాయతీకి ఇవ్వడానికి ఒక అర్జీ రాయండి. కింద అందరూ సంతకాలు చేయండి.