ఇంజన్ ఆయిల్: చూడవలసింది ధరా, డబ్బా మీది అక్షరాలా?

బెంగళూరు జె.సి. రోడ్డులోని విడిభాగాల దుకాణంలో ఒకే అరలో పక్కపక్కన రెండు ఇంజన్ ఆయిల్ డబ్బాలు ఉంటాయి. ఒకదాని ధర మరొకదానికి రెండింతలు. అనంతపురం వైపు నుంచి వచ్చి నగరంలో ట్యాక్సీ నడుపుకునే వ్యక్తి "ఏది పోయించమంటావన్నా?" అని అడిగితే మెకానిక్ నోట తరచుగా వచ్చే జవాబు "పిండి కొద్దీ రొట్టె" అని. ఆ సామెత రొట్టెల విషయంలో నిజమే. ఇంజన్ విషయంలో అది ఎంతవరకు చెల్లుతుందో పరిశీలించడం ఈ పాఠం ఉద్దేశం. బండి మీద నెలనెలా అప్పు వాయిదా కట్టే కుటుంబానికి ఇది చిన్న ప్రశ్న కాదు. ఎక్కువ ఖర్చు చేసినా నష్టమే, తప్పు ఆయిల్ పోయించినా నష్టమే.

కందెన చేసే పని

ఎడ్లబండి ఇరుసుకు గడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి రాసే కందెన పల్లెల నుంచి వచ్చిన పెద్దలకు తెలిసినదే. ఇరుసుకూ చక్రానికీ నడుమ ఒక పలుచని పొరగా నిలిచి రాపిడిని తగ్గించడం దాని పని. (ఆముదానికి మోటారు బండ్లతోనూ పాత చుట్టరికం ఉంది. క్యాస్ట్రాల్ అనే పేరు ఆముదానికి ఇంగ్లీషు మాటైన 'క్యాస్టర్' నుంచే 1909లో పుట్టింది.) కారులోని ఆయిల్ మొదటగా చేసేదీ అదే పని. అయితే దానికి మరికొన్ని బాధ్యతలున్నాయి. పిస్టన్ల వేడిని అది మోసుకుపోవాలి, మసిని ముద్ద కట్టనీయకుండా తనలో తేల్చి ఉంచాలి, ఇంధనం మండినప్పుడు పుట్టే ఆమ్లాలను విరిచివేయాలి, తుప్పును ఆపాలి. వీటిలో చాలా పనులు మూలనూనె చేసేవి కావు. అందులో కలిపిన రసాయనాలు చేస్తాయి. ఆ రసాయనాలు వాడకంలో క్రమంగా ఖర్చైపోతాయి. ఎంత ఖరీదైన ఆయిల్‌నైనా ఒకనాటికి మార్చక తప్పకపోవడానికి ముఖ్య కారణం ఇదే.

ధరలో తేడాకు మూలం ఎక్కువగా మూలనూనెలో ఉంటుంది. ముడి చమురును సాధారణంగా శుద్ధి చేస్తే వచ్చేది మినరల్ ఆయిల్. దానిలోని అణువులు చిన్నా పెద్దా కలిసి ఉంటాయి. సింథటిక్ ఆయిల్‌లో అణువులు దాదాపు ఒకే తీరుగా ఉండేట్లు చేస్తారు. అందువల్ల అది అధిక వేడికి త్వరగా చెడిపోదు, గడ్డకట్టే చలిలోనూ పారుతుంది. సెమీ సింథటిక్ ఈ రెండింటి మిశ్రమం. ఏది ఎన్ని పాళ్లో డబ్బా మాత్రం సాధారణంగా చెప్పదు.

'సింథటిక్' అనే మాటను కూడా ఆచితూచి చదవాలి. ముడి చమురునే తీవ్రంగా శుద్ధి చేసి తయారు చేసిన నూనెను క్యాస్ట్రాల్ సంస్థ సింథటిక్ పేరుతో అమ్ముతున్నదని మొబిల్ సంస్థ అమెరికాలో ఫిర్యాదు చేసింది. 1999లో అక్కడి ప్రకటనల పరిశీలన మండలి క్యాస్ట్రాల్ పక్షానే తీర్పు చెప్పింది. నాటి నుంచి పెద్ద అక్షరాల్లో కనిపించే ఆ మాట తయారీ పద్ధతి కంటే అమ్మకపు పేరుగానే ఎక్కువగా చెలామణి అవుతున్నది.

అంకెలూ అక్షరాలూ

డబ్బా మీద కంపెనీ పేరు కన్నా చిన్నగా ముద్రించిన రెండు గుర్తులు ముఖ్యమైనవి. అవి ఇంగ్లీషులోనే ఉంటాయి గనుక ఇక్కడ విడమరచి చెప్పడం అవసరం.

మొదటిది 'ఎస్.ఎ.ఇ.' గ్రేడు. ఇది ఆయిల్ చిక్కదనాన్ని తెలుపుతుంది. 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30, 15డబ్ల్యూ-40 వంటివి ఈ గ్రేడులే. 'డబ్ల్యూ' అంటే ఇంగ్లీషులో శీతకాలం. దాని ముందున్న అంకె ఎంత తక్కువైతే చలిలో ఆయిల్ అంత సులువుగా పారుతుంది. వెనుకనున్న అంకె 100 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఆయిల్ ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. 15డబ్ల్యూ రకాన్ని సున్నాకు 20 డిగ్రీలు దిగువన కూడా పరీక్షించి అంగీకరిస్తారు. బెంగళూరు జనవరి తెల్లవారుజాము ఆ దరిదాపులకైనా పోదు. మరి 0డబ్ల్యూ ఆయిల్ ఇక్కడెందుకు అనే సందేహం సహజం. కొత్త ఇంజన్లను పలుచని ఆయిల్‌కు తగినట్లే రూపొందిస్తున్నారు. భాగాల మధ్య సందులు, ఆయిల్ ప్రయాణించే సన్నని దారులు, పంపు అన్నీ ఆ లెక్కతోనే ఉంటాయి. పలుచని ఆయిల్ వల్ల ఇంధనమూ కొంత ఆదా అవుతుంది. అటువంటి ఇంజన్‌లో చిక్కని 20డబ్ల్యూ-50 పోస్తే ఆయిల్ చేరవలసిన చోటికి ఆలస్యంగా చేరుతుంది, మైలేజీ తగ్గుతుంది. పాత ఇంజన్‌లో 0డబ్ల్యూ-20 పోస్తే అది సందుల్లోంచి కారవచ్చు, మండి పొగగానూ పోవచ్చు. ఇక్కడ గమనించవలసినది మరొకటి ఉంది. మామూలు మినరల్ నూనెతో 0డబ్ల్యూ-20 తయారు కాదు. కాబట్టి వాహన పుస్తకం ఆ గ్రేడు అడిగితే సింథటిక్ కొనడం విలాసం కాదు, తప్పనిసరి. పుస్తకం 15డబ్ల్యూ-40 చాలునంటే, అదనపు వందలు ఇంజన్‌కు అవసరమై పెడుతున్నవి కావు.

రెండవది 'ఎ.పి.ఐ.' తరగతి. పెట్రోల్ ఇంజన్లకు 'ఎస్' అక్షరంతో, డీజిల్‌కు 'సి'తో మొదలవుతుంది. ఎస్ తరువాతి అక్షరం వర్ణమాలలో ఎంత ముందుకు పోతే ప్రమాణం అంత కొత్తది. ఎస్.ఎన్. 2010లో, ఎస్.పి. 2020లో వచ్చాయి. పెట్రోల్ తరగతుల్లో సాధారణంగా కొత్తది పాతదాని స్థానంలో వాడుకోవచ్చు. పాతదాన్ని కొత్తదాని స్థానంలో వాడకూడదు. ఎస్.ఎఫ్. తరగతి 1988 తరువాత తయారైన చాలా ఇంజన్లకు తగదని ఆ ప్రమాణాలు నిర్ణయించే సంస్థే చెబుతున్నది. చవకగా దొరికిందని ఆ అక్షరాలున్న డబ్బాను నేటి కారుకు కొంటే అది పొదుపు కాదు.

ఖరీదు తప్పని బండ్లు

టర్బో పెట్రోల్ ఇంజన్లు కొన్ని ఉన్నాయి. టర్బో ఇరుసు దగ్గర ఆయిల్ విపరీతమైన వేడికి గురవుతుంది. అంతేగాక, తక్కువ వేగంలో ఎక్కువ బరువు లాగేటప్పుడు ఇంధనం వేళకు ముందే అంటుకుని పిస్టన్‌ను దెబ్బతీసే ప్రమాదం ఈ ఇంజన్లలో ఉంది. ఎస్.పి. తరగతి ఆయిళ్లను ఆ ప్రమాదాన్ని దృష్టిలో ఉంచుకునే పరీక్షిస్తారు.

డీజిల్ వాహనాల యజమానులు మరింత జాగ్రత్త పడవలసి ఉంది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమలైన బి.ఎస్.-6 ప్రమాణాల వల్ల డీజిల్ కార్ల పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ వచ్చింది. పట్టిన మసిని ఆ ఫిల్టర్ ఎప్పటికప్పుడు కాల్చివేస్తుంది. కానీ ఆయిల్‌లోని లోహ రసాయనాలు మండగా మిగిలే బూడిద కాలదు, అక్కడే పేరుకుపోతుంది. అందుకే వీటికి బూడిద తక్కువగా మిగిల్చే ప్రత్యేక ఆయిల్ నిర్దేశిస్తారు. పాత డీజిల్ బండికి వాడే చవక ఆయిల్‌ను ఇందులో పోస్తే, ఆదా అయ్యే వందలకు ప్రతిగా వేల రూపాయల ఫిల్టర్ మార్చవలసి రావచ్చు. ఇటువంటి వాహనానికి పుస్తకంలో రాసిన ప్రమాణం అక్షరం తేడా లేకుండా డబ్బా మీద ఉండాలి.

ద్విచక్ర వాహనాల సంగతి వేరు. గేర్లున్న చాలా మోటారు సైకిళ్లలో క్లచ్ కూడా ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది. కారు ఆయిల్ ఎంత ఖరీదైనదైనా అక్కడ క్లచ్ జారిపోయేట్లు చేయవచ్చు. వాటికి 'జాసో ఎం.ఎ.' గుర్తు చూసి కొనాలి.

న్యూయార్క్ ట్యాక్సీలు, బెంగళూరు కార్లు

మిగిలినవి మామూలు కార్లు. ఒకే గ్రేడు, ఒకే తరగతి ఉన్న రెండు ఆయిళ్లలో ఖరీదైనది ఇంజన్‌ను నిజంగా ఎక్కువ కాలం కాపాడుతుందా? 1996లో అమెరికాలోని కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక ఈ ప్రశ్నకు జవాబు వెదికింది. న్యూయార్క్‌లో 75 ట్యాక్సీలకు కొత్తగా బాగుచేసిన ఇంజన్లు బిగించి, వేర్వేరు ఆయిళ్లు పోసి, ఒక్కొక్కటి 60,000 మైళ్లు, అంటే సుమారు 96,000 కిలోమీటర్లు నడిచాక, విప్పి అరుగుదలను కొలిచింది. ఆయిళ్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 3,000 మైళ్లకే ఆయిల్ మార్చిన బండ్లకు 6,000 మైళ్లకు మార్చిన వాటికన్నా మేలేమీ జరగలేదు.

అయితే ఈ ఫలితానికి ఒక హద్దు ఉంది. ట్యాక్సీ పగలంతా తిరుగుతుంది గనుక దాని ఇంజన్ చల్లబడేది తక్కువ. ఇంజన్‌కు నిజమైన కష్టం చల్లగా ఉన్నప్పుడు, వేడెక్కకముందే ఆపినప్పుడు కలుగుతుంది. ఈ సంగతి వినగానే చాలామందికి నమ్మబుద్ధి కాదు. దేవనహళ్లి విమానాశ్రయానికి రోజుకు నాలుగుసార్లు పోయివచ్చే పసుపు బోర్డు బండి కంటే, పిల్లలను రెండు కిలోమీటర్ల దూరంలోని బడిలో దించి వచ్చి నీడలో నిలిచే తెల్ల బోర్డు కారులోనే ఆయిల్ త్వరగా పాడుకావచ్చు. ఇంధనం మండితే నీటి ఆవిరి కూడా పుడుతుంది. ఆయిల్ బాగా వేడెక్కితేనే ఆ నీరు, దానితో చేరిన పెట్రోల్ ఆవిరై బయటికి పోతాయి. రెండు కిలోమీటర్ల ప్రయాణంలో ఆయిల్ అంత వేడెక్కదు. నీరు, పెట్రోల్, మసి కలిసి క్రమంగా జిడ్డు బురదగా మారుతాయి. అందుకే చాలా పుస్తకాలు '10,000 కిలోమీటర్లు లేదా ఒక సంవత్సరం, ఏది ముందైతే అది' అంటాయి. ఏడాదికి 3,000 కిలోమీటర్లే తిరిగిన కారు యజమాని ఆ వాక్యంలో రెండో సగాన్ని మరచిపోవడం సర్వసాధారణం.

ట్రాఫిక్‌కూ ఒక లెక్క ఉంది. గంటకు 50 కిలోమీటర్ల సగటుతో నడిస్తే 10,000 కిలోమీటర్లకు ఇంజన్ 200 గంటలు తిరుగుతుంది. సిల్క్ బోర్డు కూడలి వంటి చోట్ల ఆగుతూ గంటకు 20 కిలోమీటర్ల సగటు పడితే అదే దూరానికి 500 గంటలు. కిలోమీటర్ల ముల్లు ఈ తేడాను చూపదు. దగ్గరి ప్రయాణాలు, దుమ్ము, ఆగి ఆగి నడపడం వంటి వాటిని పుస్తకాలు 'కఠిన వినియోగం' కింద వేరుగా పేర్కొని, గడువు తగ్గించమంటాయి. నగరవాసి చదవవలసింది ఆ పుట.

ఇక డబ్బు సంగతి. ఇంజన్‌కు 3.5 లీటర్లు పడుతుందనీ, ప్రమాణం కలిగిన రెండు ఆయిళ్ల మధ్య లీటరుకు 500 రూపాయల తేడా ఉందనీ అనుకుంటే ఒక్కసారికి 1,750 రూపాయలు అదనం. సొంత కారుకు ఏడాదికి ఒక్కసారే గనుక కొందరు మనశ్శాంతి కోసం పెట్టుకోవచ్చు, తప్పు లేదు. ఏడాదికి 60,000 కిలోమీటర్లు తిరిగే ట్యాక్సీకి ఆరుసార్లు మార్చాలి. అప్పుడు అదనం 10,500 రూపాయలు. పుస్తకం అడగని చోట ఇంత మొత్తాన్ని పేరు కోసం వెచ్చించడానికి కారణం కనిపించదు. అందులో ఒక భాగంతో ప్రతిసారీ మంచి ఆయిల్ ఫిల్టర్ వేయించి, గాలి ఫిల్టర్ వేళకు మార్పిస్తే ఇంజన్‌కు అంతకన్నా ఎక్కువ మేలు. విడిగా అమ్మే 'ఇంజన్ టానిక్' సీసాలకూ ఇదే వర్తిస్తుంది. కావలసిన రసాయనాలు ఆయిల్‌లో తగిన పాళ్లలో ముందే ఉన్నాయి.

ఆయిల్ రంగు చూసి తీర్పు చెప్పడం మరో అలవాటు. డీజిల్ ఇంజన్‌లో కొత్త ఆయిల్ కొన్ని వందల కిలోమీటర్లకే నల్లబడుతుంది. మసిని తనలో నిలుపుకుంటున్నదనడానికి అది గుర్తు. సి.ఎన్.జి. ఇంజన్‌లో గడువు దాటినా తేటగానే ఉండవచ్చు. చూడవలసింది రంగు కంటే మట్టం. వారానికొకసారి బండిని చదునైన చోట నిలిపి, ఇంజన్ ఆపి కొన్ని నిమిషాలు ఆగి, డిప్‌స్టిక్‌ను తుడిచి మళ్లీ ముంచి తీయాలి. ఆయిల్ రెండు గీతల నడుమ ఉండాలి. పై గీత దాటితే నురుగు కడుతుంది, అదీ హానికరమే. నడుస్తుండగా ఎర్రని ఆయిల్ దీపం వెలిగితే గమ్యం దగ్గరలోనే ఉందని ముందుకు పోకుండా, సురక్షితంగా పక్కకు తీసి వెంటనే ఇంజన్ ఆపాలి. పావులీటరు నూటికి కక్కుర్తి పడి కాదు, చూసుకోక పాడైన ఇంజన్లే మెకానిక్ షెడ్లకు చేరేవి.

డబ్బా, బిల్లు, పాత ఆయిల్

ఖరీదైన పేర్లకే నకిలీల బెడద ఎక్కువ. మూత సీలు తన కళ్లముందే తీయించడం, తయారీ తేదీ చూడడం, బిల్లు తీసుకోవడం యజమాని పని. వారంటీ కాలంలో ఆ బిల్లు మీద గ్రేడు, తరగతి రాసి ఉంటే వివాదం వచ్చినప్పుడు ఆధారంగా నిలుస్తుంది. ఖాళీ డబ్బాను అక్కడే రంధ్రం చేయించాలి. చెక్కుచెదరని డబ్బా మరొకరి చేతిలో నకిలీ ఆయిల్‌తో మళ్లీ నిండవచ్చు.

బండిలోంచి తీసిన పాత ఆయిల్ 2016 నాటి కేంద్ర నియమాల ప్రకారం ప్రమాదకర వ్యర్థం. దానిని కాలుష్య నియంత్రణ మండలి అనుమతి పొందిన వారికే చేర్చాలి. వర్క్‌షాపులో మార్పించేవారు అది ఎక్కడికి పోతుందో ఒక్కమాట అడగవచ్చు. ఇంటి ముందే మార్చుకునేవారు దానిని నీరు, పెట్రోల్ కలవని గట్టి మూత డబ్బాలో పట్టి, పాత ఆయిల్ తీసుకునే వర్క్‌షాపులో ఇవ్వాలి. వాననీటి కాలువలో పోసినది రాజకాలువ గుండా బెళ్లందూరు, వర్తూరు వంటి చెరువులకు చేరి, నీటి మీద పొరగా పరచుకుని గాలి సోకనీయదు. పాత ఫిల్టర్‌ను ఒక రాత్రంతా బోర్లించి ఆయిల్ పూర్తిగా కారనిచ్చి, తడి చెత్తలో గాని పొడి చెత్తలో గాని కలపకుండా విడిగా అప్పగించాలి. నూనె తుడిచిన గుడ్డలదీ అదే దారి.