బంకు కింద నేలను చదివే కొలువు

2013లో ఉత్తర చెన్నైలోని తండయార్‌పేటలో ఇళ్ల బోర్లలో నీళ్లతో పాటు చమురు పైకి వచ్చింది. భూమిలోపలి భారత్ పెట్రోలియం పైపులైను లీకైందని తేలింది. వ్యవహారం జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు చేరింది. నేలనూ నీటినీ బాగుచేసే పని ఏళ్లపాటు సాగింది. పైపును అతకడం తెలిసినవాళ్లు ఎక్కడైనా దొరుకుతారు. మట్టిలోకి దిగిన చమురు ఎటు పోయిందో వెతికి పట్టేవాళ్లు మాత్రం మన దగ్గర కొద్దిమందే. సైన్సు, ఇంజినీరింగ్ చదివే రాయలసీమ పిల్లలకు ఇది మంచి దారి అని నా అభిప్రాయం.

ఆ అవసరం ఇక్కడా ఉంది, పైగా అనంతపురం నేల ఈ పనిని మరింత కష్టతరం చేస్తుంది. గుత్తి నుంచి కొడికొండ చెక్‌పోస్టు దాకా 44వ జాతీయ రహదారి పొడవునా పెట్రోలు బంకులే. ప్రతి బంకు కిందా ట్యాంకులు పాతి ఉంటాయి. ఇక్కడ ఏడాది వాన సుమారు 550 మిల్లీమీటర్లు. పైన పలచని ఎర్రనేల, దాని కింద మొరం, ఆ కింద బండ. నీళ్లుండేది బండ పగుళ్లలోనే. పెట్రోలు కూడా ఆ పగుళ్లే పట్టుకుని పోతుంది కాబట్టి పక్క బోరు శుభ్రంగా ఉండి, అవతలి చేనిలో బోరు పాడవ్వొచ్చు. తాగడానికీ పంటకూ ఆ బోరే దిక్కైన ఊళ్లో అది చిన్న నష్టం కాదు. బీఎస్-6 పెట్రోలులో బెంజీన్ 1 శాతం దాకా ఉండొచ్చు. ఇది క్యాన్సర్ కారకం. తాగునీటిలో లీటరుకు 10 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. లెక్క వేస్తే ఒక లీటరు పెట్రోలులోని బెంజీన్ ఎనిమిది లక్షల లీటర్లకు పైగా నీటిని ఆ హద్దుకు చేర్చగలదు.

పరిశోధన గునపంతో మొదలుకాదు, బంకు రిజిస్టరుతో మొదలవుతుంది. రోజూ డిప్ రాడ్ ముంచి కొలిచిన స్టాకు, మీటరు చూపిన అమ్మకం, ట్యాంకరు దించిన సరుకు, ఈ మూడింటినీ సరిపోల్చాలి. తేడా కనిపించగానే లీకు అనేయకూడదు. మే నెల ఎండలో కాగిన 12,000 లీటర్ల పెట్రోలు భూమిలోని ట్యాంకులో పది డిగ్రీలు చల్లబడితే దాదాపు ఒక శాతం, అంటే వంద లీటర్లకు పైనే కుంచించుకుపోతుంది. ఎండ తగ్గాక కూడా ఆ తరుగు ప్రతిరోజూ ఆగకుండా కనిపిస్తుంటే అప్పుడు అనుమానించాలి. రాడ్ చివర నీటిని పట్టే పేస్టు రాసి చూస్తారు. రంగు మారితే ట్యాంకులోకి నీరు చేరినట్టు. నీరు లోపలికి రాగల దారిలో పెట్రోలు బయటికీ పోగలదు.

ఆ తర్వాతే మట్టి. ట్యాంకులు, పైపులు, ఫిల్లింగ్ పాయింటు చుట్టూ మట్టి తొలిచే ఆగరుతో తవ్వి, లోతు లోతుకూ ఆవిరిని మీటరుతో చూస్తారు. మట్టిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడొద్దు. ఆరోగ్యానికి చేటు, పైగా కాసేపటికి ముక్కు మొద్దుబారుతుంది. పట్టిన నమూనాను క్షణం ఆలస్యం చేయకుండా గాజు సీసాలో మూతపెట్టి ఐసు పెట్టెలో వేయాలి. లేదంటే ఆవిరయ్యేదంతా ఆవిరైపోయి, ల్యాబు రిపోర్టులో మట్టి శుభ్రమని వస్తుంది!

ఇక్కడే ఒక హెచ్చరిక. కేసింగు వేయకుండా మురికి మట్టి గుండా రిగ్గు దించితే, పరీక్ష కోసం వేసిన బోరే పెట్రోలును బండ పగుళ్లలోకి దించే దారి అవుతుంది. రిగ్గు దగ్గర నిలబడి ఎన్ని అడుగులకు మొరం, ఎక్కడ బండ, ఎక్కడ తడి అని గమనిస్తూ పెరిగినవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. బోర్ల ఊరి నుంచి రావడం బయోడేటాలో రాసుకోదగ్గ అర్హతే.

మట్టిని ఏంచేయాలి? తవ్వి పంపాలంటే విశాఖ దగ్గర పరవాడలాంటి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పోవాలి. అనంతపురానికి అది రాష్ట్రంలో ఆ కొస. అందుకే చాలాచోట్ల మట్టిలోని ఆవిరిని పంపుతో లాగడం, గాలి పంపి సూక్ష్మజీవులకు పని చెప్పడం మేలు. ఢిల్లీలోని టెరీ సంస్థ చమురు తినే బ్యాక్టీరియా మిశ్రమాన్ని తయారుచేసింది. అయితే బ్యాక్టీరియాకు తడి కావాలి, ఎండిన సీమ మట్టికి నీళ్లు పెట్టాలి. ఆ ఖర్చు అంచనాలో రాయకపోతే పని మధ్యలో ఆగుతుంది.

2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణ నిబంధనలను నోటిఫై చేసింది. అనుమానిత స్థలాల గుర్తింపు, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి పరీక్ష, కలుషితం చేసినవారిపై ఖర్చు భారం ఇప్పుడు చట్టబద్ధం. దీంతో పని పెరుగుతుందని నా అంచనా. జియాలజీ, కెమిస్ట్రీ, సివిల్, కెమికల్ చదివినవాళ్లకు ఏఈకామ్, రాంబోల్, ఆర్కాడిస్, ఈఆర్‌ఎం వంటి కన్సల్టెన్సీల్లో చోటుంటుంది. డిప్లొమా వాళ్లు నమూనాల సేకరణతో, ఎన్‌ఏబీఎల్ గుర్తింపున్న ల్యాబులతో మొదలుపెట్టొచ్చు. ప్రభుత్వ కొలువు కావాలంటే కాలుష్య నియంత్రణ మండలిలో అసిస్టెంట్ ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరు పోస్టులను ఏపీపీఎస్సీ భర్తీ చేస్తుంది. గేట్‌లో 2021 నుంచి ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అండ్ ఇంజినీరింగ్ పేపరు ఉంది. కేంద్ర భూగర్భ జల మండలిలో హైడ్రోజియాలజీ, కెమికల్ శాస్త్రవేత్తల పోస్టులకు యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష రాయాలి. దానికి పీజీ తప్పనిసరి. నోటిఫికేషన్ ఈమధ్య సెప్టెంబరులో వస్తోంది. ఎమ్మెస్సీ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లు ఇప్పుడే సిలబస్ తెరవండి.