కంప్యూటరు మారితే వీడియో కత్తెర ఏది?

భీమునిపట్నంలో గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట మీరొక వీడియో తీశారనుకోండి. సెకనుకు 25 బొమ్మల చొప్పున, నిమిషానికి 1500 బొమ్మలు! విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది గనుక, క్లిప్పులూ ప్రాజెక్టు ఫైలూ పెన్‌డ్రైవులో దాచి, పాత కంప్యూటరులో లినక్స్ వేశారు. తీరా చూస్తే సగం కూర్చిన వీడియో తెరుచుకోదు! ఎందుచేత?

ప్రాజెక్టు ఫైలులో బొమ్మలుండవు. ఏ క్లిప్పును ఎన్నో సెకనులో కత్తిరించాలి, దేని పక్కన దేన్ని అతకాలి అనే సూచనలే ఉంటాయి. అది దండలో దారమన్నమాట. పువ్వులు వేరే బుట్టలో ఉన్నాయి. విండోస్‌కే పరిమితమైన సాఫ్ట్‌వేరు ఆ సూచనలను తన సొంత పద్ధతిలో రాసుకుంటుంది. ఇతరులకు అది అర్థం కాదు.

కనుక మారకముందే, రెండు చోట్లా పనిచేసే షాట్‌కట్, కెడెన్‌లైవ్, ఓపెన్‌షాట్‌లలో ఒకదానిని పాత విండోస్‌లోనే వాడి చూడండి. మూడూ ఉచితమే. నన్నడిగితే, కొత్తవారికి షాట్‌కట్ చాలు. క్లిప్పులను ప్రాజెక్టు ఫైలున్న ఫోల్డరులోనే ఉంచండి. లేకుంటే కొత్తచోట వాటి చిరునామా దొరకదు.

యంత్రం నత్తనడక నడుస్తోందా? షాట్‌కట్‌లో, కెడెన్‌లైవ్‌లో ‘ప్రాక్సీ’ అనే సదుపాయం ఉంది. కూర్చేటప్పుడు చిన్న నకళ్లతో పని జరుగుతుంది. చివర వీడియో తయారయ్యేటప్పుడు అసలు క్లిప్పులే వాడబడతాయి.